ముస్తఫాని మనమే చేసుకుందాం: తక్కువ ఖర్చులో గేమ్ ఫిగర్లు కొనడం, మార్చుకోవడం

రూపాయి బిళ్ల వేసి ఆడే వీడియో గేమ్ షాపులు బెజవాడ సందుల్లో ఉన్న రోజుల్లో అందరం ఎగబడింది ఒక్క మెషీన్ మీదే. క్యాప్‌కామ్ 1993లో తెచ్చిన ఆ గేమ్ అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్. ఆ పేరు మాలో ఒక్కడికీ తెలీదు. మాకది ముస్తఫా గేమ్, అంతే. పసుపు టోపీ పెట్టుకుని పరిగెత్తుకొచ్చి ఎగిరి తన్నేవాడే హీరో. ఆటలో మిగతా ముగ్గురినీ వాడు దొరకనప్పుడే తీసుకునేవాళ్లం.

ఇప్పుడు నా షెల్ఫులో ఒక ముస్తఫా ఉన్నాడు. కాలు చాచి గాల్లో ఉంటాడు. షాపులో కొన్నది కాదు. వాడేసిన సూపర్ హీరో బొమ్మ ఒకటి, ఎం-సీల్ (పైపుల లీకులు మూసే ముద్ద), నాలుగైదు రంగులు, ఒక సైకిల్ స్పోక్, అన్నీ కలిపి నాకు అయిన ఖర్చు తొమ్మిది వందల లోపే. అందులో ఆరు వందలు బొమ్మకే పోయింది. అదెలా చేశానో చెబుతూ, మీకు నచ్చిన గేమ్ బొమ్మ ఏదైనా ఇలాగే ఎలా చేసుకోవచ్చో చెబుతాను.

ముందే ఒక మాట. డబ్బు తక్కువున్నప్పుడు బొమ్మలో చూడాల్సింది కీళ్లు, ఆ తర్వాత మొహం. రంగు అసలు చూడొద్దు. రంగు బాగోకపోతే ఇంట్లో కూర్చుని మార్చుకోవచ్చు. కీలు లేనిచోట కీలు పెట్టడం మాత్రం మనలాంటివాళ్ల వల్ల అయ్యే పని కాదు. కొత్తలో నేను దీన్ని తలకిందులుగా చేశాను. తళతళలాడే రంగు చూసి కొన్న బొమ్మలు రెండు ఇప్పటికీ చేతులు దించుకుని, బడిలో ప్రార్థనకి నిలబడ్డ పిల్లల్లా ఉన్నాయి.

ముందు సైజు తేల్చుకోండి

ఫిగర్లు, అంటే గేమ్, సినిమా పాత్రల బొమ్మల లోకంలో ఎక్కువగా వినపడే లెక్క ఒకటికి పన్నెండు. ఆరడుగుల మనిషి ఆరంగుళాల బొమ్మ అవుతాడు. జపాన్ ఫిగ్మా, బందాయ్ వాళ్ల ఎస్.హెచ్.ఫిగువార్ట్స్, జాడా టాయ్స్ వాళ్ల స్ట్రీట్ ఫైటర్ బొమ్మలు దాదాపు ఈ కొలతలోనే, అంటే 15 సెంటీమీటర్ల అటూ ఇటూగా వస్తాయి. నెకా, మెక్‌ఫార్లేన్ బొమ్మలు ఏడంగుళాలవి. జాక్స్ పసిఫిక్ వాళ్ల మారియో బొమ్మలు నాలుగంగుళాలవీ, రెండున్నర అంగుళాలవీ ఉంటాయి.

ఒక సైజు పట్టుకుంటే దానికే కట్టుబడండి. పొదుపు అక్కడే మొదలవుతుంది. ఆరంగుళాల బొమ్మ చెయ్యి ఇంకో ఆరంగుళాల బొమ్మకి పనికొస్తుంది, కత్తి పనికొస్తుంది, ఒక్కోసారి తలకాయ కూడా సరిపోతుంది. ఏడంగుళాల బొమ్మ పక్కన పెడితే ఇది తమ్ముడిలా కనిపిస్తుంది. నాకు ఆరంగుళాలే ఇష్టం. షాపుల్లో ఎక్కువ కనపడేవీ, ఇంట్లో తక్కువ చోటు తినేవీ అవే.

నింటెండో 2014లో మొదలుపెట్టిన అమీబో బొమ్మలు ముచ్చటగానే ఉంటాయి గానీ వాటికి కీళ్లుండవు. అలంకారానికి సరే, మన పనికి కాదు.

ఎక్కడ కొనాలి, ఏం చూడాలి

షాపులో విదేశీ బొమ్మ ధర చూసి గుండె జారితే తప్పు షాపువాడిది కాదు. దిగుమతి బొమ్మల మీద సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి పెంచారు, 2023లో 70కి చేర్చారు. మీరే బయటి దేశం నుంచి పార్సిల్ తెప్పించుకుంటే, సుంకం బొమ్మ ధర మీద మాత్రమే కాదు, రవాణా ఖర్చు కూడా కలిపి లెక్కేస్తారు. ఆ పైన జీఎస్టీ, కొరియర్ వాళ్ల రుసుము. 'అక్కడ చవక' అని ఆర్డర్ పెట్టి, పార్సిల్ వచ్చాక చేతిలో డబ్బు చాలక టెన్షన్ పడేకంటే ముందే కాగితం మీద లెక్క వేసుకోవడం మేలు.

అందుకే నేను గేమ్ బొమ్మ కోసం వెతకను, గేమ్ బొమ్మగా మారగలిగే ఒంటి కోసం వెతుకుతాను. మన దగ్గర సులువుగా దొరికేవి రెజ్లర్లూ సూపర్ హీరోలూ. మాటెల్ డబ్ల్యూడబ్ల్యూఈ బొమ్మల్లో బేసిక్ అని ఒక రకం, ఎలీట్ అని ఇంకో రకం ఉన్నాయి. ఎలీట్‌కి కీళ్లు ఎక్కువ. స్ట్రీట్ ఫైటర్‌లో జాంగీఫ్ లాంటి వస్తాదు కావాలంటే రెజ్లర్ ఒళ్లు అతికినట్టు సరిపోతుంది. ముస్తఫా సన్నగా, చురుగ్గా ఉంటాడు కాబట్టి మార్వెల్ లెజెండ్స్ అనే సూపర్ హీరో బొమ్మల్లోని సన్నటి ఒళ్లు తీసుకున్నాను.

బీసెంట్ రోడ్డు, గవర్నర్‌పేట వైపు బొమ్మల షాపుకి వెళ్తే అద్దాల బీరువా వైపు చూడకుండా, నేరుగా ఇలా అడగండి: "అన్నా, అట్ట నలిగినవి, పాత స్టాకు ఏమైనా ఉన్నాయా?" ఒకసారి ఒకాయన పైఅరలోంచి దుమ్ము పట్టిన సంచి దించి, "ఇవి ఎవరూ కొనట్లేదు బాబూ, అట్ట చిరిగింది. నచ్చినవి తీస్కో, రేటు చూసి ఇస్తాలే" అన్నాడు. బొమ్మల్ని పెట్టెతో సహా దాచుకునేవాళ్లకి చిరిగిన అట్ట పనికిరాదు. పెట్టె చించి పారేసే మనకి అది పండగే.

వాడిన బొమ్మల్ని ఆన్‌లైన్‌లో కొంటే ఫోటో చాలదు, వీడియో అడగండి. మోకాళ్లు, మోచేతులు, నడుము, మెడ ఒక్కొక్కటీ తిప్పి చూపించమనండి. అడిగితే విసుక్కునేవాడి దగ్గర కొనొద్దు. నేనొకసారి మొహమాటపడి అడగలేదు. వచ్చిన బొమ్మ భుజం బిగిసిపోయి ఉంది, తిప్పబోతే లోపలి పిన్ను టప్పున విరిగింది. అమ్మినవాడు ఫోన్ ఎత్తలేదు.

చూడాల్సినవి మరో రెండున్నాయి. ఒళ్లు వీలైనంత నున్నగా ఉండాలి. సూపర్ హీరో డ్రెస్సు గీతలు ప్లాస్టిక్‌లోనే అచ్చయి ఉంటే, వాటిని పూడ్చడానికే రెండు సాయంత్రాలు పోతాయి. రెండోది, మీ మనసులో ఉన్న భంగిమ ఆ బొమ్మకి వస్తుందా లేదా. నాకు ఎగిరి తన్నే కాలు కావాలి. అంటే తుంటి పక్కకీ ముందుకీ కదలాలి, మోకాలు రెండు మడతలు పడాలి, చీలమండ తిరగాలి. ఇవి లేకపోతే బొమ్మ ఊరికే ఇచ్చినా వద్దు.

'ఫస్ట్ కాపీ' అని అమ్మే నకిలీల సంగతి. పాదం అడుగునో వీపు మీదో గేమ్ కంపెనీ పేరు, హక్కుల గుర్తు అచ్చయి ఉండకపోవడం, పెట్టె మీద అక్షరదోషాలు, మరీ మెరిసే ప్లాస్టిక్, ఘాటైన వాసన, నమ్మలేనంత తక్కువ ధర, ఇవీ ఆనవాళ్లు. వాటి కీళ్లు నాసిరకం కాబట్టి నా లెక్క ప్రకారం అవి చవక కూడా కాదు. పద్నాలుగేళ్లలోపు పిల్లల బొమ్మలకి 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఏ ప్లాస్టిక్కో, ఏ రంగో తెలియని బొమ్మని వాళ్ల చేతికి అందనివ్వొద్దు.

కడగడం, విప్పడం

తెచ్చిన రోజే రంగు వెయ్యాలనిపిస్తుంది, ఆగండి. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలేసి పాత టూత్ బ్రష్‌తో రుద్ది, రాత్రంతా ఆరనివ్వండి. అచ్చులోంచి వచ్చిన జిడ్డు, చేతి జిడ్డు ఉంటే రంగు పొరలుగా లేచిపోతుంది.

తల ఊడదీయాలంటే బలం వద్దు, వేడి చాలు. నీళ్లు మరిగించి దించేసి, రెండు నిమిషాలాగి, తలవైపు ఒక నిమిషం ముంచండి. తల, చేతులు, కత్తులు ఎక్కువగా పీవీసీతో చేస్తారు. అది వేడికి మెత్తబడుతుంది. గుడ్డతో పట్టుకుని అటూ ఇటూ ఆడిస్తూ లాగితే వచ్చేస్తుంది. వంకరపోయిన కత్తిని కూడా ఇలాగే ముంచి, చేత్తో సరిచేసి, వెంటనే చన్నీళ్లలో పెడితే అలాగే నిలుస్తుంది.

పాత రంగు తియ్యాలంటే మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన ఇయర్ బడ్ వాడండి. ముందు పాదం అడుగున పరీక్షించాకే మొహం దాకా రండి. నెయిల్ పాలిష్ రిమూవర్ మాత్రం ముట్టుకోవద్దు. చాలావాటిలో అసిటోన్ ఉంటుంది, కీళ్లు చేసే ఏబీఎస్ ప్లాస్టిక్‌ని అది కరిగించేస్తుంది.

బిగిసిన కీలుని కూడా వేడినీళ్లతోనే వదిలించాలి. అప్పటికీ కదలకపోతే ఒక చుక్క సిలికాన్ నూనె వేయండి. ట్రెడ్‌మిల్ బెల్టుకి వేసే నూనె సాధారణంగా అదే, సీసా మీద చూసుకుని కొనండి. కుట్టుమిషన్ నూనె, కొబ్బరినూనె వద్దు. వదులైన కీలుకి నాకు తెలిసిన మంచి మందు ఫెవికాల్. గుండ్రటి కీలు బయటికి తీసి, దాని మీద పల్చగా పూసి, కదపకుండా రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి పారదర్శకమైన పొర ఏర్పడి కీలు కాస్త లావవుతుంది. చాలకపోతే ఇంకో పూత. ఫెవిక్విక్‌తో ఇదే పని చేసేవాళ్లున్నారు. ఒక్క క్షణం ఆలస్యమైతే కీలు శాశ్వతంగా అతుక్కుపోతుంది, నేను చెప్పను.

ఎం-సీల్ పని

కొండపల్లి బెజవాడకి ఎంతో దూరం లేదు, ఇబ్రహీంపట్నం దాటితే వచ్చేస్తుంది. ఎప్పుడైనా వెళ్లి బొమ్మలు చేసేచోట ఒక గంట కూర్చోండి. తెల్ల పొణికి కర్రతో కాళ్లూ చేతులూ విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు, ఎత్తుపల్లాలు దిద్దుతారు. పైన సున్నం పూత, అది ఆరాక రంగు. మనం చేసే పనికి వరుస సరిగ్గా ఇదే. మక్కు బదులు ఎం-సీల్, సున్నం బదులు ప్రైమర్. నాకు ఈ పని వీడియోల కంటే అక్కడ చూశాకే బాగా అర్థమైంది. ముఖ్యంగా, ఒక పూత ఆరకుండా ఇంకోటి వెయ్యరు వాళ్లు. ఆ ఓపిక నాకు ఇంకా పూర్తిగా రాలేదు.

ముస్తఫాకి అసలైన పని టోపీ. ముందు బొమ్మ జుట్టుని కట్టర్‌తో కొద్దికొద్దిగా చెక్కి తగ్గించాను. ఇది చెయ్యకుండా పైన టోపీ పెడితే బుట్ట బోర్లించినట్టుంటుంది. కత్తి ఎప్పుడూ మీ వేళ్లకి ఎదురుగా కాకుండా బయటికి నడవాలి, బ్లేడు కొత్తదై ఉండాలి. మొద్దు బ్లేడే జారి కోస్తుంది.

ఎం-సీల్‌లో రెండు ముద్దలూ సమానంగా తీసుకుని, రంగు ఒక్కటయ్యేదాకా పిసకండి. చేతికి పల్చటి గ్లౌజులు వేసుకోండి, కొందరి చర్మానికి అది పడదు. బఠాణీ గింజంత తీసుకుని తల మీద పరిచి, వేలు నీళ్లలో తడుపుకుంటూ నున్నగా దిద్దాలి. ఒకేసారి మందంగా వెయ్యొద్దు. పల్చగా ఒక వరుస వేసి, రాత్రంతా గట్టిపడనిచ్చి, మర్నాడు రెండో వరుస. టోపీ కుట్లకి టూత్‌పిక్‌తో గీతలు గీశాను.

ముందుకొచ్చే అంచు ఎం-సీల్‌తోనే చేస్తే విరుగుతుంది. సిమ్ కార్డు విడదీశాక మిగిలే ప్లాస్టిక్ అట్ట ఉంటుంది కదా, దాన్ని అర్ధచంద్రాకారంగా కత్తిరించి, వేడినీళ్లలో ముంచి కొంచెం వంచాను. ఫెవిక్విక్‌తో అతికించి, అతుకు మీద చిటికెడు వంటసోడా చల్లితే వెంటనే రాయిలా బిగిసింది. ఆ సమయంలో కాస్త వేడి పుడుతుంది, వేలు దగ్గర పెట్టుకోవద్దు. పైన పల్చటి ఎం-సీల్ పొర వేస్తే అతుకు మాయం.

తర్వాత నున్న చెయ్యాలి. ఆటోనగర్‌లో కార్ల రంగులమ్మే షాపుల్లో వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) షీట్ల లెక్కన ఇస్తారు. 400 నంబరుతో మొదలుపెట్టి, 800, చివర 1000. నీళ్లలో తడిపి రుద్దితే దుమ్ము లేవదు. పొడిగా రుద్దాల్సి వస్తే మాస్కు పెట్టుకోండి. మోకాలు, మోచెయ్యి లోపలివైపు ప్లాస్టిక్‌కి ప్లాస్టిక్ ఒరుసుకునేచోట కూడా ఒకటి రెండుసార్లు రుద్దండి. రంగు పొర మందం పట్టడానికి ఆ వెంట్రుకవాసి ఖాళీ లేకపోతే, మొదటిసారి కాలు మడవగానే రంగు గీసుకుపోతుంది.

రంగు

స్ప్రే డబ్బా చూస్తే చెయ్యి ఊరుకోదు. కానీ మెత్తటి పీవీసీ మీద కొన్ని స్ప్రేలు ఎన్నాళ్లకీ ఆరవు, జిగురుగానే ఉండిపోతాయి. నా మొదటి బొమ్మకి వేలిముద్రలు ఇప్పటికీ పడతాయి. బ్రష్‌తో వేసే అక్రిలిక్ ప్రైమర్ నిదానమే అయినా నమ్మకమైనది. అది దొరక్కపోతే తెల్ల అక్రిలిక్‌నే పల్చగా రెండు పూతలు వేసి పని కానివ్వచ్చు.

ఏలూరు రోడ్డు స్టేషనరీ షాపుల్లో దొరికే మామూలు అక్రిలిక్ రంగులే చాలు. పన్నెండు రంగుల పెట్టె వద్దు. తెలుపు, నలుపు, ఎరుపు, నీలం, పసుపు, బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమరంగు), యెల్లో ఓకర్ (మట్టి పసుపు), ఈ ఏడు విడిగా కొంటే అన్నీ కలుపుకోవచ్చు. మిగిలిన డబ్బు బ్రష్‌కి పెట్టండి. మొన తేలిన 000 నంబరు బ్రష్ ఒకటి, చిన్న చదును బ్రష్ ఒకటి.

రంగుని నీళ్లతో పల్చటి మజ్జిగలా చేసుకోవాలి. మొదటి పూతకి కింద ప్లాస్టిక్ కనిపిస్తుంది, కంగారొద్దు. అరగంట చొప్పున ఆగుతూ మూడు నాలుగు పూతలు వేస్తే ప్లాస్టిక్ మీద గీసిన గీతలు, కండరాల మడతలు పూడిపోకుండా రంగు పట్టుకుంటుంది. పసుపు మాత్రం మొండిది, కింది రంగుని దాచలేదు. ముస్తఫా టోపీకి ముందు తెలుపు, దాని మీద ఓకర్, ఆ పైన పసుపు వేశాక గానీ గేమ్‌లో చూసిన కళ రాలేదు. రంగులు గుర్తున్నాయని నమ్మకండి, గేమ్ స్క్రీన్ తాలూకు బొమ్మ ఫోన్‌లో పక్కన పెట్టుకోండి. నేను చిన్నప్పుడు వందసార్లు చూశానన్న ధీమాతో చొక్కాకి రంగేసి, తర్వాత చెరిపాను.

ఒంటికి అంబర్, ఓకర్, తెలుపు, చిటికెడు ఎరుపు కలుపుకోవాలి. అదే రంగులో అంబర్ ఇంకొంచెం కలిపి, బాగా నీళ్లు పోసి, ఒక చుక్క గిన్నెల లిక్విడ్ వేసి మడతల్లోకి పారించండి. ఎత్తుల మీద ఉన్నది తడి ఇయర్ బడ్‌తో తుడిచేస్తే కండరాలు లేచి కనిపిస్తాయి. రెండొందల బొమ్మని రెండు వేల బొమ్మలా చూపించేది ఈ ఒక్క పనే.

ఇక కళ్లు. అందరూ భయపడేది ఇక్కడే, భయపడాలి కూడా. పొద్దున్నే, వెలుతురు బాగా ఉన్నప్పుడు, కాఫీ తాగకముందు చెయ్యండి. చెయ్యి టేబుల్‌కి ఆనించండి. ముందు కంటిచోటంతా ముదురు గోధుమరంగు వేయండి. అది ఆరాక మధ్యలో కాస్త మాసిన తెలుపు, చుట్టూ ముదురు గీత మిగిలేలా. ఆ గీతే కనురెప్ప అవుతుంది. నల్లగుడ్డుకి బ్రష్ వద్దు, టూత్‌పిక్ మొనతో ఒక చుక్క. నేరుగా చూసే కళ్ల కంటే కొంచెం పక్కకి చూసే కళ్లు కుదర్చడం తేలిక, మెల్లకన్ను రాదు. మీ చేతివాటానికి ఏ కన్ను కష్టమనిపిస్తే దాన్నే ముందు వేసి, రెండోదాన్ని దానికి జత చెయ్యండి. తేడా వస్తే ఆరకముందే తడి బడ్‌తో తుడిచెయ్యండి. ముస్తఫా కుడికన్ను నేను ఏడుసార్లు వేశాను.

బట్టలు కావాల్సిన బొమ్మైతే జాకెట్ లైనింగ్ గుడ్డ, చీర ఫాల్ ముక్కలు బాగుంటాయి. టైలర్ దగ్గర ఊరికే దొరుకుతాయి. అంచులో సన్నటి రాగితీగ పెట్టి మడిచి అతికిస్తే వీపు మీది కేప్ గాలికి ఎగురుతున్నట్టు నిలబెట్టొచ్చు.

చివరి పూత మ్యాట్ వార్నిష్, అంటే మెరుపు లేని వార్నిష్. ఇది లేకపోతే చేతి జిడ్డుకి రంగు పోతుంది. స్ప్రే వార్నిష్ అయితే ముందు పాదం కింద పరీక్షించండి. శ్రావణ భాద్రపదాల్లో, కృష్ణ మీదినుంచి తేమగాలి వీస్తున్నప్పుడు స్ప్రే కొడితే బొమ్మ మీద తెల్లటి బూజులా దిగుతుంది. వానాకాలంలో బ్రష్‌తో వేసే వార్నిష్ వాడండి, లేదంటే పొడి ఎండ వచ్చేదాకా ఆగండి.

నిలబెట్టడం, దాచడం

గాల్లో తన్నే బొమ్మకి ఊత కావాలి. కొనే స్టాండు బొమ్మలో సగం ధర ఉంటుంది. సైకిల్ రిపేర్ షాపులో పాత స్పోక్ అడిగి తెచ్చాను. ఒక చివర నడుముని పట్టుకునేలా కొక్కెంలా వంచి, రంగు గీసుకోకుండా కరెంటు సామాన్ల షాపులో దొరికే, వేడికి బిగుసుకునే హీట్ ష్రింక్ ట్యూబు తొడిగాను. రెండో చివర ప్లైవుడ్ ముక్కకి రంధ్రం చేసి ఎం-సీల్‌తో దిగ్గొట్టాను. ప్లైవుడ్ మధ్యభాగం బొమ్మ నడుముకి సరిగ్గా కిందికి రావాలి, కాలికి కింద కాదు. మొదటిసారి ఈ లెక్క తప్పి ముస్తఫా మొహం మీద పడ్డాడు, ముక్కు మళ్లీ వేశాను.

మన ఊళ్లో బొమ్మలకి అసలు శత్రువు ఎండాకాలం. మేడ మీది గదిలో, రోహిణి కార్తెలో, ఒంటికాలి మీద నిలబెట్టిన బొమ్మ చీలమండ మెల్లగా వంగి వారం రోజుల్లో పక్కకి ఒరిగిపోతుంది. ఏప్రిల్ రాగానే బరువు రెండు కాళ్ల మీదా పడేలా మార్చండి, లేదా పడుకోబెట్టండి. కిటికీ ఎండ తగిలే చోటు, ఎండలో ఆపిన కారు, టీవీ వెనక అరలు పనికిరావు. కొన్నేళ్లకి బొమ్మ జిగటగా తయారైతే అది పాడైనట్టు కాదు, పీవీసీని మెత్తగా ఉంచే పదార్థం పైకి ఊరుతుంది. సబ్బునీళ్లతో కడిగి ఆరబెడితే పోతుంది. మీరు రంగేసిన బొమ్మనైతే రుద్దకుండా, మెత్తటి బ్రష్‌తో కడగండి. దుమ్ముకి తలుపున్న బీరువానే మందు. అల్యూమినియం, అద్దాల పని చేసేచోట మీ కొలతకి చిన్న పెట్టె చేయించుకోవచ్చు.

మా ఇంట్లో సంక్రాంతికి బొమ్మల కొలువు పెడతారు. పోయినేడు ముస్తఫాని కూడా పెడతానంటే అమ్మ అంబారీ ఏనుగు పక్కన కింది మెట్టు చూపించి, "పెట్టుకో గానీ, ఆ కాలు దించరా. ఏనుగుని తన్నేట్టున్నాడు" అంది. స్పోక్ తీసి, రెండు మోకాళ్లూ మడిచి, కూర్చోబెట్టాను.